నీళ్ళు నిలబెట్టిన గంట

పావుతక్కువ మూడు. డ్రెయిన్‌కి బిరడా బిగించాను, కుళాయి తిప్పాను, స్నానాలగది నేల మీద రెండంగుళాల నీళ్ళు నిలిచాక కట్టేశాను. నీటి అంచు గోడని ఎక్కడ తాకిందో అక్కడ పెన్సిలుతో గీత గీశాను. ఇక చేసేదేమీ లేదు, గడప ఇవతల బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని చూడటమే. ఇంట్లో స్నానాలగది నేల సొంతంగా వేసుకోవాలని ఎవరికైనా ఉంటే నా మాట వినండి, నీళ్ళు దిగకుండా వేసే ఈ బూడిదరంగు పూత బాగా ఆరాక, టైల్స్ పరవకముందే, ఇలా నీళ్ళు నిలబెట్టి చూసుకోవాలి. ఒక రోజంతా నిలబెట్టాలి. నీళ్ళు గీత దగ్గరే ఉంటే మీ పని గట్టిది, గీత కిందికి దిగితే ఎక్కడో కన్నం ఉన్నట్టు. నాకు రోజంతా అక్కర్లేదు, గంట చాలు, ఎందుకంటే కన్నం ఎక్కడుందో నాకు ముందే తెలుసు. కిటికీ కింద ఎడమచేతి మూలలో జానెడు మేర నేను పూత వేయలేదు. మరిచిపోలేదు. మిగతా మూడు మూలలకీ జాలీ పట్టీ అతికించి, దాని మీద అడ్డంగా ఒక పూత, అది ఆరాక నిలువుగా ఇంకో పూత వేసి, నాలుగో మూలకి వచ్చేసరికి బ్రష్ పక్కన పెట్టేశాను. చేతులు కడుక్కుని టీ పెట్టుకుని తాగాను. ఈ మధ్యకాలంలో నాకు అంత రుచిగా ఉన్న టీ ఇంకోటి లేదు.

ఆ మూలకి సరిగ్గా కింద అక్క వాళ్ళ ముందుగది. నాన్న పోతూ పోతూ ఇల్లు ఇద్దరికీ పంచాడు, కింద అక్కకి, పైన నాకు. అమ్మ అక్క దగ్గరే ఉంటుంది. పోయిన నెల అక్క ఆ ముందుగదికి సొంతచేతులతో ఫాల్స్ సీలింగ్ వేసుకుంది, తెల్లటి జిప్సం పలకలు, అతుకు కనపడకుండా మెత్తిన పుట్టీ, నాలుగు దీపాలు. అది చూసి వీధివీధంతా నోరు వెళ్ళబెట్టింది. ఇవాళ మూడింటికి ఆ సీలింగ్ కింద నిలబడి పన్నెండు మంది ఆడవాళ్ళకి అక్క పాఠం చెబుతుంది, ఎవరి ఇంటి పని వాళ్ళే ఎలా చేసుకోవాలో. జిప్సానికి నీళ్ళంటే పడదు. ముందు పసుపు మరక వస్తుంది, తర్వాత మరక ఉబ్బుతుంది, ఆ తర్వాత చుక్క. నా పాత నేల పగిలి ఉన్న రోజుల్లో నేను స్నానం చేసిన యాభై నిమిషాలకి అక్క మెట్లెక్కి వచ్చి అరిచేది, ఆ అరుపుని బట్టి గడియారం సరిచేసుకోవచ్చు. ఆ పైన ఇంకో పది నిమిషాలు వేసుకున్నాను, కొత్త పలకలు కొంచెం తాగుతాయి కదా. దీపాలు ఆ మూలకి దూరంగా ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాను, కరెంటుతో ఆటలొద్దు, ఎవరికైనా ఇదే చెబుతాను. అమ్మ ఈ వేళప్పుడు వెనకగదిలో పడుకుంటుంది, అదీ చూసుకున్నాను. నాకు ఎవరి ప్రాణాలూ అక్కర్లేదు. అక్క మాట్లాడుతుండగా అక్క నెత్తి మీద ఒక్క చుక్క పడాలి, అందరూ తలలెత్తి చూడాలి, అంతే.

మొదలుపెట్టింది. గొట్టాలు దిగే సందులోంచి కింది మాటలు పైకి బాగా వినిపిస్తాయి. "చూడండమ్మా, డ్రిల్లు పట్టుకుంటే అదేం కరవదు. మీ ఆయన్ని పట్టుకున్నంత ధైర్యంగా పట్టుకోండి" అంటోంది, ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ఈ మాట ప్రతి క్లాసులోనూ అంటుంది. ఆ నవ్వులు కూడా ప్రతిసారీ అవే నవ్వులు. అక్క గొంతులో ఒక నిబ్బరం ఉంది, ఎక్కడ ఏ మేకు కొట్టాలో పుట్టగానే తెలిసినదానిలా మాట్లాడుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఎనిమిదేళ్ళకే ఇంట్లో ఊడిపోయిన తలుపు గొళ్ళెం బిగించిందట, ఆ రోజు నుంచి అందరికీ మేస్త్రమ్మ అయింది. నాకు ఆరేళ్ళప్పుడు గాజుగ్లాసు జారి పగిలింది, ఆ రోజు నుంచి నా పేరు భళ్ళు. "భళ్ళు వస్తోంది, గ్లాసులు పైన పెట్టండి" అనేవారు నాన్న ముద్దుగా. ముద్దు పేర్లకి వయసు రాదు, అవి మనతోపాటు బడికి వస్తాయి, ఉద్యోగానికి వస్తాయి. ఆఖరికి ఆసుపత్రి వరండాలోకి కూడా వస్తాయి.

నీళ్ళ మీద కిటికీ వెలుగు పడి పైకప్పు మీద కదులుతోంది. గీత దగ్గరే ఉన్నాయి ఇంకా. తొందరేం లేదు, నీళ్ళకి నాకంటే ఓపిక ఎక్కువ. పూత వాసన ఇంకా పోలేదు, పుల్లగా, ముక్కు లోపల అంటుకుపోయేలా. ఈ వాసన మొదటిసారి పీల్చింది హార్డ్‌వేర్ షాపులో. పదేళ్ళయింది. ఆ షాపాయన దగ్గర నేను నేర్చుకోనిది లేదు. మేకు కొట్టేముందు గోడని వేలి కణుపుతో తట్టి వినాలి, బొంగురుగా పలికితే లోపల గుల్ల, అక్కడ ఉత్త స్క్రూ నిలవదు, ముందు ప్లాస్టిక్ ప్లగ్గు దించి దానిలో బిగించాలి. ప్లగ్గుకి తగ్గ రంధ్రం, రంధ్రానికి తగ్గ స్క్రూ, స్క్రూకి తగ్గ బరువు. ఇవన్నీ వెళ్ళిన మొదటి రోజే అడిగాను. "షెల్ఫు ఎందుకు ఊడిపడుతుంది?" అని మొదలుపెట్టాను నేను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవరి మీదమ్మా ఇంత కోపం?" అన్నాడు. ఎవరి మీదా లేదండీ, నేర్చుకుందామని అన్నాను. కోపంతో నేర్చుకున్న పని చేతికి ఎంత బాగా వస్తుందో ఆయనకి నేనే చూపించాను. ఒక్క ఏడాదిలో నా వాటాలో తలుపులన్నీ దించి రుద్ది మళ్ళీ ఎక్కించాను. రసమట్టం పెట్టి చూస్తే గాలిబుడగ నడిమధ్యన నిలబడేది, అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలేది కాదు. ఎవరూ పైకి వచ్చి చూడలేదు. అక్క మాత్రం ఒకసారి వచ్చి, తలుపు తోసి, "ఫర్వాలేదే, భళ్ళు కూడా పనిమంతురాలైంది" అని వెళ్ళిపోయింది. ఆ తలుపుకి వేసిన రంగు ఆరేదాకా పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

షెల్ఫు. దాని గురించి ఆలోచించకుండా ఒక గంట గడపాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అమ్మ కుట్టుమిషన్ పైన, బట్టల థానులు పెట్టుకోవడానికి అక్క బిగించింది. నేను పని నుంచి ఇంటికొచ్చేసరికి షెల్ఫు గోడ మీద ఉంది, అక్క దాని కింద నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. ఆ వారమే అక్క ఫర్నిచర్ షాపులో చేరింది, కొన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి షెల్ఫులు, అల్మారాలు బిగించి వచ్చే ఉద్యోగం, అందులో ఆడమనిషి అక్క ఒక్కతే. మూడో రోజున తొమ్మిది థానులతో సహా షెల్ఫు ఊడి అమ్మ కుడి మణికట్టు మీద పడింది. కింద పడిన స్క్రూలు నేనే ఏరాను, నా చిటికెన వేలి గోరంత ఉన్నాయి, ఒక్కదానికీ ప్లగ్గు లేదు. అవి గుప్పిట్లో పట్టుకునే ఆసుపత్రికి పరిగెత్తాను. వరండాలో పెద్దమ్మ నన్ను చూడగానే, "చేతకాని పనులు నీకెందుకే? ఆ షెల్ఫు జోలికి ఎవరు పొమ్మన్నారు నిన్ను?" అంది. "నేను కాదు పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ పక్కనే అక్క ఉంది. అక్క వైపు చూశాను, చెప్పు అన్నట్టు చూశాను. అక్క నేల వైపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు, ఎవరు చెప్పారో, ఎవరి పేరు చెప్పారో. లోపలికి పోయి అమ్మతో చెప్పబోతే అమ్మ కళ్ళు మూసుకునే, "ఇప్పుడేం వద్దు, నన్ను పడుకోనీ" అంది. అందరూ నా వీపు నిమిరారు. తప్పు చేసినవాళ్ళని క్షమించేటప్పుడు నిమురుతారే, అలా. ఇంకో రెండుసార్లు నేను కాదన్నాను, పోనీలే ఇప్పుడెందుకన్నారు. భళ్ళు కదా, ఇంకేం సాక్ష్యం కావాలి వాళ్ళకి.

అమ్మ చెయ్యి వంకరగా అతుక్కుంది. కత్తెర పట్టలేదు. గీత గీయకుండానే కాలరు కత్తిరించే మనిషి, బట్టని వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపి ఇది ఉతికితే ఎంత కుదించుకుపోతుందో చెప్పే మనిషి, ఇప్పుడు తన గుండీలు తాను పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ గుండీలు నేను పెట్టబోతే, "వద్దులే, నువ్వు పీకేస్తావు" అంటుంది నవ్వుతూ. అక్క పెడితే పెట్టించుకుంటుంది.

ఇదంతా మింగాను. మింగి ఊరుకునేదాన్నేమో కూడా, పోయిన నెల కూరగాయల వరసలో వెనకనుంచి ఒకావిడ భుజం తట్టి, "ఆ షెల్ఫు చెల్లెలు మీరేనా?" అని అడగకపోతే. ఎంత ఆప్యాయంగా అడిగిందో. అక్క ప్రతి క్లాసులోనూ చెబుతుందట, ప్లగ్గులు లేకుండా స్క్రూలు బిగిస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం, మా చెల్లి పాపం ఉత్సాహం కొద్దీ బిగించింది, మా అమ్మ చెయ్యి పోయింది అని. వాళ్ళంతా అయ్యో అంటారట. అయ్యో ఎవరికి, అమ్మకా, చెల్లికా అని అడగాలనిపించింది. కూరగాయల సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రమే పాత నేల పగలగొట్టడం మొదలుపెట్టాను. సుత్తి, ఉలి, రెండు చేతులు. మూడు రోజులు కొట్టాను. ప్రతి దెబ్బకీ కింద అక్క గోడలు అదిరి ఉంటాయి, అది తలచుకుంటే చేతులు నొప్పి కూడా పుట్టలేదు.

మూడున్నర. గీత కనపడుతోంది, దాని కింద సన్నటి తడి అంచు, దాని కింద నీళ్ళు. దిగుతున్నాయి. ఒంట్లో ఏదో జిల్లుమంది, ఆనందమే అది, దానికి ఇంకో పేరు పెట్టను. కింద అక్క సుత్తితో ఏదో తట్టి చూపిస్తోంది. "వినండి, ఈ చప్పుడుకీ ఈ చప్పుడుకీ తేడా తెలుస్తోందా?" తెలుస్తోంది అక్కా, నీకంటే నాకే బాగా తెలుస్తోంది. షెల్ఫు కథ సగం క్లాసయ్యాక చెబుతుందట, గోడల పాఠం తర్వాత. అంటే ఇంకో పావుగంట. సరిగ్గా 'మా చెల్లి' అన్నప్పుడు పడితే ఎంత బావుంటుంది. అంత కచ్చితంగా నీళ్ళతో పని చేయించగలిగితే నా అంత మేస్త్రీ ఎక్కడా ఉండడు.

మెట్ల మీద అడుగులు. మెల్లగా, ఒక్కో మెట్టుకీ ఆగి. అక్క కాదు, అక్క రెండేసి మెట్లెక్కుతుంది. లేవబోయేలోగా అమ్మ తలుపు దగ్గరికి వచ్చేసింది, ఎడమచేత్తో చట్రం పట్టుకుని ఆయాసపడుతూ. అమ్మ నా వాటాకి వచ్చి ఏడాది దాటింది.

"పడుకోలేదా?" అన్నాను.

"ఆ నవ్వులకి నిద్రెక్కడ. నువ్వు నేల వేస్తున్నావట కదా, చూద్దామని వచ్చాను." నీళ్ళ వైపు చూసింది, గోడల వైపు చూసింది, మూలలు ఒక్కొక్కటీ చూసింది. బట్ట చూసే చూపు అది, చెయ్యి పోయినా చూపు పోలేదు. "ఆ మూల వదిలేశావేం?"

"వేశాను. ఇంకా ఆరలేదు."

"తడిసిన రంగు వేరు, వేయని రంగు వేరు. నాకు చెబుతావేమిటే. మూడు మూలలు అంత ముచ్చటగా వేసినదానివి నాలుగోది మరిచిపోతావా?" అని ఆగింది. కిందనుంచి అక్క గొంతు వచ్చింది. అమ్మ ఆ గొంతు వచ్చిన సందు వైపు చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. "బిరడా తియ్యి."

"తియ్యను."

"అది ఆ సీలింగ్ కోసం నెల రోజులు మెడ విరగ్గొట్టుకుంది."

"నీ చెయ్యి విరగ్గొట్టి నా నెత్తిన రుద్దింది కదా. ఆ మాట ఊరంతా చెప్పుకుంటోంది. నీకు ఎన్నిసార్లు చెప్పాను అమ్మా, ఆ షెల్ఫు నేను ముట్టుకోలేదని? నువ్వు వంటింట్లో ఉన్నావు, నువ్వు చూడలేదు, అది చెప్పింది నమ్మావు."

అమ్మ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది, చల్లగా ఉన్న రోజుల్లో పట్టుకున్నట్టు. ఇవాళ చలి లేదు.

"నేను వంటింట్లో లేను" అంది. "స్టూలు పట్టుకున్నాను దానికి. స్క్రూలు నేనే అందించాను. పొట్టిగా ఉన్నాయేమే అంటే సరిపోతాయిలే అంది."

నేను బకెట్ మీంచి లేచాను.

"అది నీ పేరు చెప్పలేదు. మీ పెద్దమ్మ రాగానే ఎవరు బిగించారని అడిగింది. నేనే చెప్పాను, చిన్నది అని. అక్కకి అప్పుడే ఉద్యోగం వచ్చింది, షెల్ఫులు బిగించే ఉద్యోగం. సొంత తల్లి మీద పడేలా బిగించిందని తెలిస్తే ఎవరు ఉంచుకుంటారు దాన్ని? రోజూ ఏడ్చేది, చెప్పేస్తానమ్మా అని. నేనే ఒట్టు వేయించుకున్నాను. తర్వాత తర్వాత... అదే నిజమని అదీ నమ్మేసినట్టుంది."

"నేనో?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"నువ్వు ఎలాగూ ఏదో ఒకటి పగలగొడుతూనే ఉండేదానివి కదా. వాటిలో ఇంకొకటి కలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను."

ఎంత మామూలుగా అందంటే, కొలత కాస్త తప్పినా కుట్టులో సర్దేశానన్నట్టు. ఇంకొకటి. పదేళ్ళు నేను ఎవరి మొహం తలచుకుని సుత్తి ఎత్తానో ఆ మొహం కాదట. అక్క నేల వైపు చూసింది, అది నిజం, ఆ నేల చూపు పాపం అక్కదే, ఆ తర్వాత క్లాసుల్లో నా పేరు పెట్టి ఆడవాళ్ళని అయ్యో అనిపించిందీ అక్కే, అది వదిలేది లేదు. కానీ మొదటి మాట కళ్ళు మూసుకుని పడుకున్న ఈ మనిషిది. నన్ను పడుకోనీ అంది ఆ రోజు. నేను ఆ మంచం పక్కన గుప్పిట్లో స్క్రూలు పట్టుకుని నిలబడితే నన్ను పడుకోనీ అంది. ఆ చెయ్యి చూసి ఎన్ని రాత్రులు ఏడ్చానో, నేను బిగించకపోయినా, నేను బిగించినట్టే ఏడ్చాను, అందరూ అంత గట్టిగా చెబితే నేనే బిగించానేమో అని ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. ఆ చేతికి మందు రాశాను. ఆ గుండీలు పెట్టబోతే వద్దులే అంది, పీకేస్తావంది, తెలిసి అంది. కోపం ఎటు తిరగాలో తెలియక నా లోపలే గిరగిరా తిరుగుతోంది. అమ్మని ఏమైనా అనాలి, గట్టిగా, జన్మలో మరిచిపోని మాట. బిరడా మీదికి చెయ్యి పోయింది, నీళ్ళలోకి, మణికట్టు దాకా చల్లగా తగిలింది. తీయలేదు. ఎవరి కోసం తీయాలి?

కింద ఎవరో కెవ్వుమన్నారు. కుర్చీలు జరిగిన చప్పుడు, "అయ్యో, పైనుంచి, పైనుంచి" అని నాలుగు గొంతులు ఒకేసారి. అప్పుడు పీకాను బిరడా, గుడగుడమంటూ నీళ్ళు డ్రెయిన్‌లోకి పోయాయి, ఆ పీకడం ఇక ఎవరికీ పనికిరాదు. మెట్ల మీద రెండేసి మెట్లెక్కుతూ అక్క వచ్చింది. జుట్టు మీద తెల్లటి పొడి, భుజం తడిసి ఉంది. వెనకే ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు మెట్ల మీద ఆగిపోయి మెడలు చాచారు, వాళ్ళలో కూరగాయల వరస ఆవిడ కూడా ఉంది.

"ఏమైంది? ఏం చేశావే?" అంది అక్క.

"నేనే" అంది అమ్మ.

నా కంటే ముందు, నేను నోరు తెరవకముందే. "కాళ్ళు కడుక్కుందామని కుళాయి తిప్పాను, ఈ చెయ్యి సంగతి తెలుసు కదా, మళ్ళీ కట్టేయడం కుదరలేదు. అదేం చేయలేదు. దాన్నేం అనకు" అంది, వంకర చెయ్యి పైకెత్తి అందరికీ చూపిస్తూ. మెట్ల మీద ఆడవాళ్ళు అయ్యో అన్నారు. అక్క కోపం దిగిపోవడం నాకు కనపడింది, ఆ చెయ్యి చూస్తే ఎవరి కోపమైనా దిగిపోతుంది. ఎంత సులువు. ఒక్క మాటతో నాకు అంటగట్టింది, ఒక్క మాటతో తీసేస్తోంది, రెండుసార్లూ నన్ను అడగలేదు. నావైపు చూసి కళ్ళతోనే ఊరుకో అంది, నీకు బాకీ తీర్చాను అన్నట్టు. నేను చేసిన పని, నేను నెల రోజులు కొట్టి, పూసి, కొలిచి, గంటసేపు కాపలా కాసిన పని, అదీ నాది కాకుండా పోతోంది.

"కాదు" అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను. "అమ్మ కుళాయి ముట్టుకోలేదు. ఆ మూల నేను పూత వేయలేదు. కావాలనే. నీళ్ళు నీ సీలింగ్ మీదికి దిగాలని గంట నుంచి ఇక్కడే కూర్చున్నాను."

అక్క ఆ మూల వైపు చూసింది, పనిమంతురాలి చూపు, ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయే చూపు.

"చేసినది చేశానని చెప్పడానికి నాకేం భయం లేదు" అన్నాను, మెట్ల మీద ఉన్నవాళ్ళ వైపు తిరిగి. "అందుకే ఇదీ చెబుతున్నాను. ఆ షెల్ఫు నేను బిగించలేదు."

కూరగాయల వరస ఆవిడ నా మొహం చూసింది, అక్క మొహం చూసింది. "మరి ఎవరు?" అంది.

అమ్మ నోరు తెరిచింది. నాకు తెలుసు, ఇంకో పేరు సిద్ధంగా ఉంది ఆ నోట్లో, పోయిన నాన్న పేరైనా సరే.

"నువ్వు ఊరుకో అమ్మా" అంది అక్క. ఈసారి నేల వైపు చూడలేదు.